రెండు సలహాల నడుమ

మా తండ్రిగారి వెన్నెముకకు క్షయ సోకినప్పుడు ఒక వైద్యులు శస్త్రచికిత్స తప్పదన్నారు. మరొకరు మందులు చాలునన్నారు. ఇటువంటి తరుణంలో మనసుకు హితవైన మాటను పట్టుకొనడం బిడ్డల ధర్మం కాదని మా అభిప్రాయం.

1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ వ్యాధి నేడు చాలామందికి మందులతోనే నయమవుతున్నది. కాళ్ళ పట్టు సడలినా, వెన్ను కుంగినా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అనగా రెండు సలహాలకూ ఆధారం ఉండవచ్చు.

కనుక విద్యార్థులారా, ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి: ఎముక నుండి తీసిన నమూనాను పరీక్షించారా? ఏ లక్షణం కనబడితే మీ నిర్ణయం మారుతుంది? నొప్పి తగ్గినా మందు ఎన్నాళ్ళు సాగాలి? సమాధానాలను వ్రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించండి. శరీరం వారిది, తుది మాట కూడా వారిదే.