ఫోటో మావాళ్లది, పేజీ ఎవరిది?

సేవా సంస్థల వెబ్‌సైట్లు తెరిచి చూడండి. మొదటి పేజీలోనే మనవాళ్లు కనపడతారు. ఎండిన చెనిక్కాయ చేను, చంకకర్ర పట్టుకున్న పిల్లోడు, నల్లద్దాలు పెట్టుకున్న అవ్వ, కింద ‘విరాళం ఇవ్వండి’ అనే బటన్. ఆ ఫోటోలో ఉండే చూపులేని మనిషే తన ఫోన్లో ఆ పేజీ తెరిస్తే ఏమైతుంది? ‘ఇమేజ్, ఇమేజ్, బటన్, బటన్’ అని ఫోన్ నాలుగు మాటలు పలికి ఊరకుంటుంది. ఎవరి పేరు చెప్పి విరాళాలు వస్తున్నాయో ఆ మనిషికే సంస్థ ఏం చెప్తోందో తెలీదు. మేము అడుగుతున్నాం: ఫోటో మావాళ్లదైతే పేజీ ఎవరిది?

చూపులేనోళ్లు ఫోన్ ఎట్లా వాడతారని కొందరికి అనుమానం. అన్నలారా, మీ జేబులో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లోనే సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ అని ఉంటుంది. దాన్ని పెట్టుకుంటే తెర మీద వేలు ఆనిన చోట ఉన్న అక్షరాన్ని ఫోన్ గట్టిగా చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ అని ఉంది, పైసా కట్టనక్కర్లేదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు మొదలుపెట్టినారు. ఇద్దరికీ చూపు లేదు. కొనుక్కునే స్తోమత లేనోళ్లకు కూడా అందాలని ఉచితంగా ఇచ్చినారు. అంటే చదివే యంత్రం మనవాళ్ల చేతిలో ఉంది. చదవడానికి వీలుగా రాయనిది అవతలోళ్లే.

‘కూలి లేదు, నీళ్లు లేవు, భూమి లేదు, ఈ వెబ్‌సైటు గోలేందయ్యా’ అని మన సంఘాల్లోనే కొందరు అంటారు. వాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాం. మన తాతలకు చదువు రాదు. కాగితం వచ్చిందంటే కరణం అరుగు కాడికి పోవాల. కరణం ఏం చదివితే అదే రాత, యాడ చూపిస్తే ఆడ వేలిముద్ర. ఎన్ని ఎకరాలు అట్లా పోయినాయో ఊరూరా ముసలోళ్లు చెప్తారు. 1984లో కరణాల పదవులు పోయినాయి, మన పిల్లోళ్లు బడికి పోయి చదువుకున్నారు, మన కాగితం మనమే చదువుకుంటున్నాం. ఇప్పుడు కాగితం ఫోన్లోకి పోయింది. వికలాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు ఫోన్లో, స్కాలర్‌షిప్పు ఫోన్లో, బ్యాంకు ఫోన్లో. 2024లో రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000 చేసినారు. ఆ డబ్బు ఖాతాలో పడిందా లేదా అని చూసుకోవడానికి చూపులేని మనిషి నెట్ సెంటరుకు పోయి, తన ఆధార్ నంబరూ, ఓటీపీ మూడో మనిషికి చెప్పాల్సి వస్తే, ఆ నెట్ సెంటరు కరణం అరుగు కాదా? ఇది కూలికీ భూమికీ సంబంధం లేని సంగతి ఎట్లా అవుతుంది?

మేమెరిగిన వాడలో డిగ్రీ చదివే మాదిగ పిల్లోడు ఒకడున్నాడు, పుట్టుకతో చూపు లేదు. ఒక ట్రస్టు వికలాంగ విద్యార్థులకే ఆర్థిక సాయం అని ప్రకటించింది. ప్రకటన బొమ్మగా పెట్టినారు, ఫోన్ చదవలేదు. స్నేహితుడు చదివి చెప్పినాడు. దరఖాస్తు ఫారంలో గడులకు పేర్లు లేవు. తండ్రి పేరు యాడ రాయాలో, ఆదాయం యాడ రాయాలో ఫోన్ చెప్పదు, ‘ఎడిట్ బాక్స్’ అంటుంది అంతే. అదీ ఎట్లనో నింపినాడు. చివర్లో వంకర అక్షరాల బొమ్మ పెట్టి ‘మీరు మనిషే అని నిరూపించుకోండి’ అన్నారు. చూసి కొట్టాలంట! వికలాంగులకిచ్చే సాయానికి చూపుంటేనే మనిషి. ఆ రాత్రికి గడువు అయిపోయింది.

తెలుగులో ఇంకో తంటా ఉంది. ప్రెస్సుల్లో ఏళ్లుగా వాడుతున్న పాత ఫాంట్లు, అను లాంటివి, తెర మీద తెలుగులా కనపడతాయి గానీ లోపల ఉండేది ఇంగ్లీషు గుర్తులే. వేషం తెలుగుది, ఒళ్లు వేరే. కంటికి ‘అనంతపురం’ అని కనపడేది యంత్రం నోట అర్థం లేని శబ్దమైతుంది. యూనికోడులో రాస్తేనే అది నిజంగా తెలుగు. పాంఫ్లెట్‌ను ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పెడితే అసలు అక్షరమే ఉండదు. సంఘాలు వాట్సాప్‌లో పోస్టరు పంపేటప్పుడు అవే మాటలు కింద అక్షరాల్లో కొట్టాల. రెండు నిమిషాల పని.

ఇక పేర్ల సంగతి. ఊర్లో మన కులం పేరు తిట్టు. అట్లే కుంటోడు, గుడ్డోడు, మూగది అనేవీ పేర్లు కావు, తిట్లు. తిట్టు మాన్పించమంటే పైవాళ్లు దేవుణ్ణి తెస్తారు. మనకు ‘హరిజన’ అని పేరు పెట్టినారు, మనం వద్దన్నాం, దళితులం అన్నాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను ‘దివ్యాంగులు’ అనమన్నాడు, తర్వాత శాఖ పేరే మారింది. దివ్యమైన అంగం ఉన్నోడికి ర్యాంపు ఎందుకు, మాట్లాడే పేజీ ఎందుకు? దండం పెడితే చాలు గదా! చూసే కళ్లు లేనోళ్లకు బొమ్మ కింద నాలుగు మాటల వర్ణన రాయాలని నియమం. ఆ మాటల్లో కూడా ‘పాపం వికలాంగ బాలుడు’ అని రాయకండి. ‘బడి వరండాలో బ్రెయిలీ పుస్తకం చదువుతున్న పదేళ్ల పిల్లోడు’ అని రాయండి. ఉన్నది రాయండి.

ఇది దయ సంగతి కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ‘ప్రైవేటు సంస్థ’ అంటే ఏందో ఆ చట్టమే చెప్పింది, అందులో కంపెనీ పక్కనే సొసైటీ ఉంది, ట్రస్టు ఉంది. సేవలు అందించే వాళ్లు, సర్కారైనా ప్రైవేటైనా, నియమాలు వచ్చిన రెండేళ్లలోగా వాటి ప్రకారం అందుబాటు కల్పించాలని 46వ సెక్షన్. చట్టం ‘చేయాల్సిందే’ అంటే, 2017 నియమాల్లో 15వది కింద వచ్చిన మార్గదర్శకాలు ‘చేస్తే మంచిది’ అన్నట్టు ఉన్నాయి. చూపులేని ఉద్యమకారుడు రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ నియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. ప్రజ్ఞా ప్రసూన్ అనే యాసిడ్ దాడి బాధితురాలిని బ్యాంకు ఖాతా కోసం కళ్లు ఆర్పి చూపమన్నారు, ఆమె ఆర్పలేదు. డిజిటల్ అందుబాటు 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఊరి బావి, చెరువు, బాట అందరివీ అని బాబాసాహెబ్ రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగినప్పుడు ఎవరూ సొంత చెంబు అడగలేదు, చెరువు కాడికి దారి అడిగినారు.

డబ్బు లేదంటారు. గడికి పేరు పెట్టడానికి, బొమ్మకు మాట రాయడానికి, వీడియో కింద అక్షరాలు వేయడానికి, లేతబూడిద అక్షరాలు తీసి నల్లవి పెట్టడానికి ఎంత డబ్బు కావాల? కట్టేటప్పుడే చేస్తే ఖర్చు దాదాపు లేదు, కట్టినాక పగలగొట్టి చేస్తేనే ఖర్చు. మెట్లు కట్టినాక ర్యాంపు పెట్టినట్టు. అసలు కారణం డబ్బు కాదు. ఆ పేజీ దాతల కోసం కట్టినారు. బార్సిలోనాలో ఉండేవాడికీ హైదరాబాదులో ఉండేవాడికీ బాగా కనపడాల, కళ్యాణదుర్గం దగ్గర వాడలో ఉండేవాడు చదువుతాడని ఎవరికీ తట్టలేదు.

మా జిల్లాలో సేవా సంస్థలు చేసింది లేదని మేము అనం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి పెట్టిన ఆర్డీటీ వాడల్లో ఇండ్లు కట్టించింది, చూపులేని, వినికిడి లేని పిల్లోళ్లకు బడులు పెట్టింది, ఊర్లల్లో వికలాంగుల సంఘాలు నిలబెట్టింది. ఆ సంఘాల్లో పెరిగినోళ్లే ఈరోజు అడగగలిగే స్థితిలో ఉన్నారు. కాబట్టి పెద్దదీ చిన్నదీ అని లేకుండా జిల్లాలో పనిచేసే ప్రతి సంస్థనూ అడగాల. అడిగేది కూడా మనం కాదు, వాళ్లే అడగాల. కళ్లున్నోళ్లం మనం పక్కన నిలబడాల. పేజీ తయారుచేసే ఇంజనీరు ‘అంతా సరిగ్గా ఉంది సార్’ అంటే నమ్మొద్దు.

ఈసారి ఏ సంస్థ ఆఫీసుకు పోయినా చూపులేని ఒక అక్కనో అన్ననో వెంట తీసుకుపోండి. వాళ్ల ఫోన్ మేనేజరు బల్ల మీద పెట్టించి, టాక్‌బ్యాక్ పెట్టి, ఆ సంస్థ ఫారం అక్కడికక్కడే నింపమనండి. పక్కనుంచి అందించొద్దు. యాడ ఆగిపోతే అది కాగితం మీద రాసుకోండి, తేదీ వేయండి, మేనేజరుతో సంతకం పెట్టించుకోండి. నెల గడువు ఇవ్వండి. సరిచేయకపోతే ఆ కాగితం జతచేసి వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు అర్జీ పెట్టండి. ఈ చట్టం మీరితే మొదటిసారి 10,000 దాకా, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్లో ఉంది, అర్జీలో ఆ సంఖ్య తప్పకుండా రాయండి.