తోడేలు, నల్లకోతి, మా మేడ

మొన్న ఆదివారం మా ఇంటిల్లిపాదీ కూర్చుని "తోడేలు" చిత్రాన్ని తిలకించాము. 2022లో హిందీలో "భేడియా" పేరిట అమర్ కౌశిక్ దర్శకత్వంలో వచ్చిన చిత్రానికి ఇది తెలుగు రూపం. కథాస్థలం అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో అనే చిన్న పట్టణం. అడవి మధ్యగా రోడ్డు వేసే కాంట్రాక్టు పుచ్చుకుని ఢిల్లీ నుండి వెళ్ళిన భాస్కర్‌ను ఒక రాత్రి తోడేలు కరుస్తుంది. అది మొదలు అతడే రాత్రివేళ తోడేలుగా మారి, అడవికి కీడు తలపెట్టినవారి మీద పడుతుంటాడు. రోడ్డు వేయబోయినవాడినే మృగాన్ని చేయడం మా వృత్తివారికి కొంచెం చురుక్కుమనిపించినా, ఊహ చక్కనిది. హాస్యం మాత్రం పలుచోట్ల మోటుగా ఉన్నది.

మనిషి తోడేలుగా మారే ఘట్టం వచ్చేసరికి మా అమ్మాయి కళ్ళు మూసుకుని, "నాన్నగారూ, ఇటువంటిది నిజంగా ఎక్కడైనా వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందన్నారమ్మా, మన లక్ష్మీ నగర్ ప్రాంతానికే" అన్నాను.

2001 మే నెల. ఎండలు మండిపోతున్నాయి, రాత్రిళ్ళు కరెంటు కోతలు. యమునకు ఇవతల ఉన్న తూర్పు ఢిల్లీ జనమంతా మేడల మీదనే నిద్రించేవారు. మొదట ఘాజియాబాద్ వైపు వినవచ్చిన "కాలా బందర్", అనగా నల్లకోతి, కొద్ది రోజులలోనే మా వీధులకు వచ్చింది. ఒకరికి అది నాలుగడుగుల కోతి; వేరొకరికి తలపై హెల్మెట్, చేతులకు ఇనుప గోళ్ళు ఉన్న మనిషి. పోలీసులు ఊహాచిత్రాలు గీయించి, పట్టి ఇచ్చినవారికి 50,000 రూపాయల బహుమతి ప్రకటించారు. దొరికినది ఏమీ లేదు. కాని "వచ్చింది" అన్న కేక విని మేడల మీదనుండి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పొట్టివాడైన పాపానికి ఒక సాధువు జనం చేత దెబ్బలు తిన్నాడు. తూర్పు ఢిల్లీ బాధితులను పరిశీలించిన వైద్యులు 2003లో ప్రచురించిన వ్యాసంలో దీనిని సామూహిక భయోన్మాదంగానే పరిగణించారు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. అమ్మాయి వదలలేదు. "మీరు చూశారా?"

చూశాను. ఆ నెలలో ఒక రాత్రి కరెంటు పోయిన కొంతసేపటికి ప్రక్క మేడ మీద కేకలు. లేచి చూస్తే మా నీళ్ళ ట్యాంకు చాటున ఎర్రని కన్ను ఒకటి మెరుస్తున్నది. సాంకేతిక పట్టా పుచ్చుకున్నవాడిని, దయ్యాలను నమ్మనివాడిని. అయినా చేతికందిన ఇనుప గొట్టం ఎత్తి పరుగెత్తాను. గొట్టం దిగబోతుండగా "అంకుల్, మై హూఁ!" అన్న ఏడుపు వినబడింది. సి.ఏ. కోచింగు నిమిత్తం బీహారు నుండి వచ్చి, క్రింది గదిలో అద్దెకున్న కుర్రవాడు. కేకలకు జడిసి ట్యాంకు చాటున నక్కినాడు. ఎర్రని కన్ను అతడు ప్రక్కన పెట్టుకున్న దోమల చుట్ట కొస.

దెబ్బ తగలలేదు. గొట్టం ట్యాంకు అంచుకు తగిలి సొట్ట పడింది. మరునాడు క్షమించమని అడగడానికి వెళితే, "పరవాలేదండీ" అన్నాడే గాని తలుపు పూర్తిగా తీయలేదు. నాలుగు రోజులకు గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.