వంతగాని నోటికి తాళము

కోడూరు ప్రాంతమున ఒక ఉత్సవసంఘమువారు ఈ నడుమ బుర్రకథ దళమునకు తాంబూలమిచ్చుచు ఒక షరతు విధించిరి. కథ చెప్పవచ్చును, హాస్యము ఎంతయైనను చేయవచ్చును, రాజకీయపు వంత మాత్రము కాలువనీటి మాటగాని, కరకట్ట మాటగాని, ముందువరుసలో కూర్చున్న పెద్దల మాటగాని ఎత్తరాదు. దళమువారు కడుపుకొఱకు ఒప్పుకొనిరి. వారిని మేము తప్పుపట్టము. షరతు పెట్టినవారినే అడుగుచున్నాము: అయ్యలారా, మీరు పిలిచినది బుర్రకథనా, మూగనోమునా?

కథకుడు తంబుర మీటుచు, చిందులు వేయుచు కథ నడపును. అతని కిరుప్రక్కల గుమ్మెటలు వాయించుచు నిలుచువారు ఇరువురు. ఒకడు హాస్యగాడు, రెండవవాడు రాజకీయము పలుకువాడు. వీరు ఊరక తందాన యనుటకు వచ్చినవారు కారు. పలనాటి కథలో కోడిపోరు జోరుగా సాగుచుండగా దానిని నిలిపి, నేటి సంక్రాంతి బరులకు గొడుగు పట్టు పెద్దలను తలచుకొనుట రెండవవాని పని. ఆ మాట గ్రుచ్చుకొనిన చోట నవ్వుతో వెన్న రాయుట మొదటివాని పని. ఒకడు లేనిదే రెండవవాడు లేడు. హాస్యగాడు ఒంటరిగా మిగిలినచో ఎవరిని చూపి నవ్వించును? నత్తివానిని, బట్టతలవానిని, అత్తగారిని. మన వేదికలపై ఇప్పుడు తఱచుగా వినబడుచున్నది ఆ నవ్వే.

ఈ నోరుకట్టు విద్య క్రొత్తది కాదు. వేల్సు యువరాజును ఇంటికి పిలిచి, తన యింటి స్త్రీలచేత స్వాగతమిప్పించిన జగదానంద ముఖర్జీ యను సర్కారు వకీలును గేలిచేయుచు 1876లో కలకత్తాలో ఒక ప్రహసన మాడిరి. వెంటనే లార్డు నార్త్‌బ్రూకు ఆర్డినెన్సు తెచ్చెను. ఆ యేడే నాటక ప్రదర్శనల చట్టము పుట్టెను. గేలిపడినవాడు మా వృత్తివాడే. గేలివలన వకీలెవడును చచ్చినట్లు మేమెఱుగము. చట్టము మాత్రము స్వరాజ్యము వచ్చిన డెబ్బది యేండ్ల తరువాత, 2018లో గాని రద్దు కాలేదు.

1940వ దశకమున బుర్రకథనే మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. నైజాము ప్రభుత్వమును నిషేధించెను. నాడు సుంకర సత్యనారాయణ కలము, షేక్ నాజరు గళము కమ్యూనిస్టు సభలకు ప్రాణము. వారి పక్షము మా పక్షము కాదు. ఐనను చెప్పక తప్పదు: ఏలినవారు బెదరినది తంబుర మ్రోతకు కాదు, పాట నడుమ వేయు ఆ ఒక్క మాటకు. ఆ నాజరుకే 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. దొరలును నవాబులును చట్టముతో చేయబూనిన పనిని నేడు మనవారు తాంబూలముతో చేయుచున్నారు.

“దేవుని ఉత్సవమున రాజకీయమేల?” అని సంఘమువారి సమాధానము. మంచిదే. మఱి అదే వేదికపై దండలు వేసి, మైకు చేతికిచ్చి, అరగంటసేపు మాటలాడనిచ్చినది ఎవరిని? వారు చెప్పినది పురాణమా? నాయకుడు పలికిన రాజకీయము ఉత్సవమునకు శోభయు, వంతగాడు పలికినది అపచారమునా?

కోడూరు కాలువల చివర నున్న ఊరు. శివారు పొలమునకు నీరు చేరునా, ఉప్పు ఎగదన్నునా అనునదే ఇచ్చట రైతు జాతకము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కన్నులార చూచినవారు కరకట్ట మాట వినబడినచో నేటికిని చెవులు రిక్కించెదరు. ఇట్టి చోట నీటి మాట ఎత్తక నవ్వింపుమనుట పెండ్లిలో పెండ్లికొడుకు పేరెత్తకుమనుట వంటిది.

మాఘపూర్ణిమకు హంసలదీవి సంగమస్నానమునకు జనము తండోపతండములుగా వచ్చును. వచ్చు మాఘమున దళమును పిలుచు సంఘములవారు ఈ షరతును మానవలెను. వంతలిరువురకును మాట యీయవలెను. ముందువరుస పెద్దలను కథ ముగియువఱకు కుర్చీలనుండి లేవనీయరాదు. ఆ రేయి వకీళ్లను గేలిచేసినను సరే, మేమును ఆ వరుసలోనే కూర్చుండెదము.