తెల్లని పొడికి పేరు పెట్టు విధము



2025వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, మా లాలాగూడకు దవ్వుకాని చర్లపల్లిలో, మహారాష్ట్రమునుండి వచ్చిన మీరా-భాయందర్ పోలీసువారు ఒక రసాయనశాలపై బడి మెఫెడ్రోను అను ఉత్తేజకద్రవ్యమును పట్టుకొనిరి. మొదటి వార్తలలో దాని వెల 12,000 కోట్ల రూపాయలని వచ్చెను. ఆ యంకెను విని మా వీధి యిల్లాండ్రు గుండెలు బాదుకొనిరి. పిమ్మట తేలిన దేమనగా, సిద్ధమైన మెఫెడ్రోను ఆఱు కిలోలకు లోపే. తక్కినదంతయు పీపాలలోని రసాయనములు, 30,000 లీటర్లకు పైమాట. నానవేసిన మినపపప్పును గారెలని లెక్కింతుమా? ఏది మందు, ఏది కాదు, ఎంత యున్నది అని తేల్చునది వార్తాపత్రిక కాదు, ప్రయోగశాల. దానిని గూర్చియే యీ మాసము ముచ్చటింతము.

ఈ ద్రవ్యములు నిన్న మొన్నటివి కావు. ఆంఫెటమీను 1887లో బెర్లినున పుట్టినది. 1893లో జపానుదేశీయుడు నగాయి, దగ్గుమందుగా వాడెడి ఎఫెడ్రినునుండి మెథాంఫెటమీనును చేసెను. మా లాలాగూడ రైల్వే కార్ఖానాయు ఆ సంవత్సరముననే వెలసినది. రెండింటికిని సంబంధము లేదు గాని, అది యెంత పాతదో మా పిల్లలకు చెప్పుటకు ఈ గుర్తు పనికివచ్చుచున్నది. మెఫెడ్రోనును మాత్రము మన దేశమున మాదకద్రవ్యముల చట్టములో 2015లోనే చేర్చిరి.

పట్టుబడిన పొడి ఉప్పువలె, పటికబెల్లపు పొడివలె నుండును. పట్టుకొన్న చోటనే అధికారులు మొదట రంగుపరీక్ష చేయుదురు. గాఢ గంధకామ్లములో ఫార్మాల్డిహైడు కలిపిన మార్క్విసు ద్రవమును చుక్క వేసినచో ఆంఫెటమీను నారింజవన్నెకు తిరిగి గోధుమవన్నె యగును. ఎమ్‌డీఎమ్‌ఏ ఊదాకలిసిన నలుపగును. చూచుటకు వింతగనే యుండును. అయితే పంచదారయు ఆ యామ్లమున మాడి గోధుమవన్నె దాల్చును. తలనొప్పికి మ్రింగెడి ఆస్పిరిను ఎఱ్ఱబారును. ఇక చర్లపల్లిలో దొరకిన మెఫెడ్రోనో, దానికి ఈ ద్రవము దాదాపు రంగే చూపదు. పంచదార దొంగయై నిలువగా దొంగ దొరయై పోవచ్చును! కావున రంగుపరీక్ష అనుమానమునకే గాని నిర్ణయమునకు చాలదు.

నిర్ణయము జరుగు చోటులు మన నగరమున ప్రధానముగా రెండు. రెడ్‌హిల్సులో రాష్ట్ర ప్రభుత్వపు ఫోరెన్సిక్ ప్రయోగశాల గలదు. మా లాలాగూడనుండి తార్నాక, హబ్సిగూడల మీదుగా పోయిన రామంతాపూరున కేంద్ర ప్రభుత్వపుది గలదు. ఇట్టి శాలలలో పొడిని ద్రవమున కరగించి, గ్యాస్ క్రొమటోగ్రాఫు అను యంత్రమున ఆవిరిచేసి, వెండ్రుకవంటి రంధ్రము గల పొడవైన గొట్టములోనికి పంపుదురు. ఆ గొట్టము చుట్టచుట్టబడి యుండును గాని విప్పిన 30 మీటర్ల వఱకు నుండును. కల్తీలోని ఒక్కొక్క పదార్థము తన కాలమునకు తాను వెలికివచ్చును. వచ్చినదానిని మాస్ స్పెక్ట్రోమీటరు ఎలక్ట్రానులతో కొట్టి ముక్కలు చేయును. ఒకే యచ్చున పోసిన బొమ్మలు ఒకే దెబ్బకు ఒకే తీరున పగులునట్లు, ఏ పదార్థపు టణువు ఆ తీరుననే పగులును. ఆ ముక్కల బరువులను శుద్ధమైన మాదిరితో పోల్చి చూతురు. మెఫెడ్రోనుకు, రూపున దాదాపు సమానమైన అక్కచెల్లెండ్రు గలరు. వారు పగులు తీరొకటే యగుటచే, వెలికివచ్చిన కాలమును, పరారుణ కిరణముల పరీక్షను గూడ జోడింపక విడదీయరాదు.

పేరు తేలిన పిదప తూకము. మెఫెడ్రోను 2 గ్రాముల వఱకు చట్టము దృష్టిలో స్వల్పము. అందుకు శిక్ష ఏడాదికి మించదు. 50 గ్రాములైన వాణిజ్యపరిమాణము. పదేండ్లనుండి యిరువదేండ్ల చెఱ. ఎమ్‌డీఎమ్‌ఏకు అవి 0.5 గ్రాము, 10 గ్రాములు. 3 గ్రాముల ఎమ్‌డీఎమ్‌ఏలో 8 గ్రాముల గ్లూకోజు కలిపిరనుకొనుడు. తూచవలసినది మూడా, పదునొకండా? 2008లో సుప్రీంకోర్టు మందునే తూచుమనెను. 2020లో హీరాసింగు కేసున విస్తృత ధర్మాసనము దానిని త్రోసివేసి మొత్తము తూచుమనెను. పాలలో నీరు కలిపినవాడు నీటిబరువునకును జవాబుదారి యగుట మాకును న్యాయముగనే తోచుచున్నది. కాని పొట్లము కొనితెచ్చుకొన్న కుఱ్ఱవాడు దానిలోని గ్లూకోజెంతయో ఎఱుగునా యని మనసు పీకుచునే యున్నది.

ఇంత సూక్ష్మముగ జేసిన పరీక్షయు నమూనా మంచిదైననే మంచిది. 52-ఎ సెక్షను ప్రకారము మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి సీలువేయవలెను. 2022 నియమముల ప్రకారము ప్రయోగశాల 15 దినములలో నివేదిక పంపవలెను. 2017లో చలనచిత్రరంగమువారి పేర్లతో నగరమును మ్రోగించిన వ్యవహారమున గోళ్లు, వెండ్రుకలు సైతము సేకరించిరి. 2024లో నాంపల్లి న్యాయస్థానము ఎనిమిది కేసులలో ఆఱింటిని, ఆధారములు చాలవనియు నియమములు పాటింపబడలేదనియు కొట్టివేసెను. పేర్లు పడినవారికి ఆ యేడేండ్లు ఎవరు తిరిగి యిత్తురు?

పిల్లవాని చొక్కాజేబున తెల్లని పొట్లము దొరకిన తల్లి దానిని నాలుకపై వేసికొని చూడరాదు. బజారున దొరకెడి పరీక్షపెట్టెను నమ్మి వానిని దొంగగా నెంచనూ రాదు. వైద్యునికి చూపింపవలసినది పిల్లవానిని. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనగ్రస్తుడు తానై గుర్తింపుగల చోట చికిత్సకు పోయి దానిని పూర్తిచేసినచో, 64-ఎ సెక్షను వానికి విచారణనుండి రక్షణ నిచ్చుచున్నది. ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమున వ్యసనవిముక్తి విభాగము గలదు. కేంద్ర ప్రభుత్వపు వ్యసనవిముక్తి ఫోను సంఖ్య 14446. దానికి రుసుము లేదు.