కప్ప కిస్సా, ఖాలా కుండ

మా హరిశ్చంద్రపురంలో మంచు అంటే ధనుర్మాసం పొద్దున పొలాల మీద కమ్ముకునేదే. నీళ్లు గడ్డకట్టడం ఫ్రిజ్‌లో తప్ప ఎవరూ చూడలేదు. అలాంటి ఊళ్లో మా ఖాలా మనవరాలికి 2017లో, తొమ్మిదేళ్లకే, టైప్ వన్ షుగర్ వచ్చింది.

మొన్నొక చదువుకున్న సాహెబ్ వాళ్లింట్లో కూర్చుని, "రక్తంలో చక్కెర యాంటీఫ్రీజ్ అట. మంచుయుగంలో మనుషుల్ని కాపాడిందట. ఆ విరాసతే ఈ బీమారీ" అన్నారు. విరాసత్ అనగానే పిల్ల తల్లి ముఖం మాడిపోయింది. కసూర్ తన రక్తానిదే అనుకుంది పాపం.

కిస్సాకి బునియాద్ లేకపోలేదు. ఉత్తర అమెరికాలో ఒక అడవి కప్ప ఉంది. చలికి ఒళ్లు గడ్డకట్టే వేళ దాని కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ కుమ్మరిస్తుంది. గుండె ఆగిపోతుంది. మంచు కరిగాక మళ్లీ కొట్టుకుంటుంది. సుభానల్లా! షారన్ మోఅలెం, ఆయన సాథీలు 2005లో దీన్ని చూపించి, ఉత్తర యూరప్‌లో టైప్ వన్ ఎక్కువ కావడానికి పాతకాలపు చలే కారణం కావచ్చని రాశారు. ఫిన్లాండ్ లెక్క దానికి కలిసొస్తుంది.

మరి సార్డీనియా? మధ్యధరా సముద్రంలో వెచ్చటి దీవి. ఈ బీమారీలో ఫిన్లాండ్ సరసనే ఉంటుంది. పైగా 1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యేదాకా ఈ పిల్లలు ఎక్కువ కాలం బతికేవారే కాదు. నా నజర్‌లో ఇది దిల్‌చస్ప్ ఖయాలే గానీ సబూత్ కాదు.

ఈ ఫరక్ ఉద్దానం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కిడ్నీల బీమారీకి నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. అసలు కారణం ఇదీ అని ఇంకా ఖరారు కాలేదు. అయినా డయాలసిస్ మానేసి ఎవరూ కూర్చోలేదు.

టైప్ వన్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. తల్లి తినిపించిన మిఠాయి కారణం కాదు. ఇలాజ్ ఇన్సులినే. ఒక్కరోజు మానినా ఖతరా.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, మా ఖాలా పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్ బుడ్డి దాచింది. పక్కింటివాళ్లు ఐసుగడ్డ తెస్తే వద్దంది. వేడికే కాదు, గడ్డకట్టినా ఆ దవా పాడవుతుందని ఆమెకి తెలుసు.

సాహెబ్! కప్ప కిస్సా బేషక్ చెప్పండి. కానీ ఆ తల్లిని ముందు ఒకటి అడగండి: "బేటీ, ఈ నెల ఇన్సులిన్ తెచ్చుకున్నారా?"