క్విట్‌మన్ కౌంటీ పెట్టెలో 420 ఓట్లు

1962 అక్టోబరు 16న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, క్విట్‌మన్ కౌంటీ కోర్టు భవనంలో పోలింగ్ జరిగింది. ఓటు రహస్యంగా వేయడానికి కనీసం ఒక తెర కూడా కట్టలేదు. బ్యాలట్ పెట్టె అంటే పైన కన్నం చేసిన అట్టపెట్టె. ఓటరు కౌంటరు మీదే, కౌంటీని గుప్పిట్లో పెట్టుకున్న నాయకుడు జో హర్స్ట్ కళ్లెదుటే, తనకు అక్కర్లేని పేరు కొట్టేయాలి. అనుమానం వస్తే హర్స్ట్ పెట్టెలో చెయ్యి పెట్టి కాగితాలు బయటికి తీసి చూసేవాడు. ఒక ముసలి దంపతులు వేసిన ఓట్లను అలాగే తీసి చింపేసి, తనకు కావలసిన అభ్యర్థికి ఇంకొన్ని వేసేశాడు. చివరికి తేలిందేమిటంటే, ఓటేసినవాళ్లు 333 మంది, లెక్కలోకొచ్చిన ఓట్లు 420. వంద మందికి పైగా జనం అక్షరక్రమం తప్పకుండా వరసలో వచ్చి ఓటేసినట్టు జాబితాలో ఉంది. వాళ్లలో చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు, జైల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఆ రోజు 139 ఓట్ల తేడాతో ఓడినట్టు ప్రకటించిన అభ్యర్థి 38 ఏళ్ల వేరుశనగ వ్యాపారి జిమ్మీ కార్టర్. అది రాష్ట్ర సెనేట్ సీటుకు డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక. ఆ రోజుల్లో జార్జియాలో ప్రైమరీ నెగ్గితే సీటు చేతికొచ్చినట్టే. పద్నాలుగేళ్ల తర్వాత ఆయన దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు కాబట్టి ఈ ఉదంతాన్ని మహానాయకుడి తొలి అడుగుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. కానీ ఆయన అక్కడితో ఆగిపోయి, ఊళ్లో వేరుశనగ అమ్ముకుంటూ ఉండిపోయినా ఈ కథకు ఇంతే విలువ ఉండేది. స్థానిక ఎన్నికను పట్టించుకునేవాళ్లు లేకపోతే అది ఎవరి చేతిలోకి పోతుందో ఇంత వివరంగా నమోదైన సందర్భాలు అరుదు.

కార్టర్ రాజకీయం బడి దగ్గర మొదలైంది. తండ్రి ఎర్ల్ స్కూల్ బోర్డులో పనిచేసి, 1952లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడాదే కన్నుమూశారు. నౌకాదళం వదిలి సొంతూరు ప్లెయిన్స్‌కు తిరిగొచ్చిన కొడుకు 1955లో సమ్టర్ కౌంటీ స్కూల్ బోర్డులో చేరారు. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఏడాదే. తెల్లపిల్లలు బస్సెక్కి, నల్లపిల్లలు నడిచి బడికి వెళ్తున్నారన్న సంగతి బోర్డులో కొన్ని నెలలు గడిచాక గానీ తన బుర్రకెక్కలేదని ఆయనే తర్వాత రాశారు. జాతి విభజనను కాపాడేందుకు పుట్టిన శ్వేత పౌరుల మండలిలో చేరమని ఊరి పెద్దలు ఒత్తిడి తెచ్చినా ఆయన లొంగలేదు. కొందరు ఆయన దుకాణానికి రావడం మానేశారు.

1961లో కౌంటీ బడులనూ, అమెరికస్ పట్టణ బడులనూ ఒకే వ్యవస్థ కిందికి తెచ్చే ప్రతిపాదనను ఆయన భుజాన వేసుకున్నారు. చిన్న బడుల్లో చెప్పలేని సబ్జెక్టులు పెద్ద బడిలో చెప్పవచ్చన్నది వాదన. బడులు కలిస్తే రేపు తెల్ల, నల్ల పిల్లలూ కలుస్తారన్నది జనం భయం. సొంత బంధువే ఎదురు తిరిగాడు. వంద లోపు ఓట్ల తేడాతో ప్రతిపాదన వీగిపోయింది. ఇక్కడ ఆయనకు ఇవ్వాల్సిన మార్కులు ఇస్తూనే ఒక మాట చెప్పాలి. ఆయన బోర్డులో ఉన్న ఏడేళ్లలో ఆ కౌంటీ బడుల్లో జాతి విభజన చెక్కుచెదరలేదు. పొరుగువాళ్లంతా వ్యతిరేకించే పనిలో కార్టర్ కొంతదూరమే వెళ్లారు. చాలామంది ఆ కొంతదూరం కూడా వెళ్లలేదన్నది నిజమే గానీ, అది నల్లపిల్లలకు ఊరట కాదు.

సెనేట్ తలుపు మాత్రం కోర్టులు తెరిచాయి. అంతకుముందు జార్జియా ప్రైమరీల్లో ఓట్లు కాదు, కౌంటీలు గెలిపించేవి. ఒక కౌంటీలో నెగ్గినవాళ్లకు ఆ కౌంటీ యూనిట్లన్నీ దక్కేవి. 159 కౌంటీల్లో పెద్దవి ఎనిమిదింటికి ఆరేసి యూనిట్లు, తర్వాతి ముప్పైకి నాలుగేసి, మిగతా 121కి రెండేసి. అట్లాంటా నగరమున్న ఫుల్టన్ కౌంటీలో 1960 నాటికి 5.5 లక్షల మందికి పైగా జనం. రెండు వేల మంది కూడా లేని ఎకల్స్ లాంటి కౌంటీలు మూడు కలిస్తే ఫుల్టన్‌తో సమానం. 1962లో ఫెడరల్ కోర్టు దీన్ని కొట్టేసింది. సెనేట్ నియోజకవర్గాలనూ జనాభా ప్రకారం మార్చక తప్పలేదు. ఏడు కౌంటీలతో కొత్త సీటు ఏర్పడగానే, అక్టోబరు 1న, తన పుట్టినరోజున కార్టర్ బరిలోకి దిగారు. ప్రచారానికి మిగిలింది రెండు వారాలే.

ఓటమి ప్రకటించాక జరిగిందే ఈ కథలో విలువైన భాగం. క్విట్‌మన్ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. అక్కడ ఎప్పుడూ అంతే కదా అని స్థానిక విలేకరులు వార్తే రాయలేదు. పోలింగ్ రోజు అక్కడ నిలబడి చూసిన మిత్రుడు జాన్ పోప్, అట్లాంటా నుంచి వచ్చిన న్యాయవాది చార్లెస్ కిర్బో, ఊరూరా తిరిగి ఓటర్లతో మాట్లాడి రాసిన అట్లాంటా జర్నల్ విలేకరి జాన్ పెన్నింగ్టన్, ఈ ముగ్గురూ లేకపోతే కార్టర్ ఫిర్యాదు కాగితంగానే మిగిలేది. విచారణ జరిపిన జడ్జి కార్ల్ క్రో ఆ పెట్టెలోని ఓట్లను పక్కన పెట్టారు. కార్టర్ 65 ఓట్లతో నెగ్గారు. ప్రత్యర్థి హోమర్ మూర్ అప్పీలుకు వెళ్లడంతో, నవంబరు 6 ఎన్నికకు ముందురాత్రి మరో జడ్జి ఇద్దరి పేర్లూ బ్యాలట్ నుంచి తీసేయించారు. ఓటరే అభ్యర్థి పేరు రాయాల్సి వచ్చింది. కార్టర్‌కు 3,013 ఓట్లు, మూర్‌కు 2,182 వచ్చాయి.

అయితే ఈ అంకెల్లో లేనివాళ్ల సంగతేమిటి? అదే నియోజకవర్గంలోని టెరెల్ కౌంటీలో నల్లజాతివాళ్లను దాదాపుగా ఓటరు జాబితాలోకి రానివ్వలేదు. 1957 పౌరహక్కుల చట్టం కింద ఓటు హక్కుపై కేంద్రం తొలి దావా వేసింది ఆ కౌంటీ మీదే. 1962 సెప్టెంబరులో, అంటే కార్టర్ పోటీకి కొన్ని వారాల ముందు, ఓటరు నమోదు ఉద్యమానికి చోటిచ్చిన చర్చిలు అక్కడ తగలబడ్డాయి. దొంగ ఓట్ల మీద గెలిచిన ఆ పోరాటం అసలు ఓటే లేనివాళ్లను తాకలేదు. సెనేట్‌లో కార్టర్ తన మొదటి ప్రసంగాన్ని, ఓటరు నమోదులో నల్లజాతివాళ్లను వడపోయడానికి వాడే 30 ప్రశ్నల పరీక్షకు వ్యతిరేకంగా చేశారు. వాళ్లకు ఓటు దక్కింది మాత్రం 1965 ఫెడరల్ ఓటు హక్కుల చట్టంతోనే.

ఇది పాత ముచ్చట కాదు. అమెరికాలో 2005 నుంచి మూడోవంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. పెన్నింగ్టన్ లాంటి విలేకరి అడుగే పెట్టని కౌంటీలు పెరుగుతున్నాయి. మరోవైపు ఈ కింది మెట్ల మీద తెలుగు నేలవాళ్లూ కనిపిస్తున్నారు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్ నుంచి న్యూజెర్సీ అసెంబ్లీకి ఎదిగారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ శాసనసభకూ, గజాలా హష్మీ వర్జీనియా సెనేట్‌కూ ఎన్నికయ్యారు. గెలిచినవాళ్ల ఫొటోలు మన పత్రికల్లో బాగానే వస్తాయి. కానీ అమెరికా శివారు పట్టణాల్లో తెలుగు పిల్లలు చదివే బడుల బడ్జెట్టునూ, ఏ వీధి ఏ బడికి చెందుతుందన్నదాన్నీ తేల్చేది స్కూల్ బోర్డులు. వాటి ఎన్నికలకు చాలాచోట్ల వచ్చే ఓటర్లు తక్కువ. పౌరసత్వం వచ్చిన తెలుగు కుటుంబాలు అధ్యక్ష ఎన్నిక రాత్రి మేలుకున్నంత ఆసక్తిగా ఆ బోర్డు ఎన్నికలో ఓటేయాలి, బోర్డు సమావేశాలకు వెళ్లి కూర్చోవాలి, పోలింగ్ సిబ్బందిగా పేరు నమోదు చేయించుకోవాలి. అభ్యర్థిగా నిలబడే తీరిక అందరికీ ఉండదు. సమావేశాల తలుపులు మాత్రం చట్టప్రకారం అందరికీ తెరిచే ఉంటాయి.