మీరు మింగే బిళ్ల పేరేంటి?

'ఏం మందులు వాడుతున్నారు?' అని అడిగితే చాలామంది నుంచి వచ్చే జవాబు ఒకటే. 'పొద్దున తెల్లది, రాత్రికి గులాబీ రంగుది, మధ్యలో ఒక గ్యాసు బిళ్ల.' మరీ జాగ్రత్తపరులైతే సంచీలోంచి సగం కత్తిరించిన స్ట్రిప్పు తీసి చూపిస్తారు. పేరున్న సగం మాత్రం మందుల షాపులోనే ఉండిపోయి ఉంటుంది! ఏళ్ల తరబడి రోజూ మింగే మందు పేరు తెలియకపోతే ఏమవుతుందో చూద్దాం.

మందుకు సాధారణంగా రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు. రెండోది ఆ మందు అసలు పేరు, అంటే జెనరిక్ పేరు. క్రోసిన్, కాల్పాల్, డోలో వేర్వేరు మందులనుకునేవాళ్లు ఎందరో. మూడింట్లోనూ ఉండేది పారాసెటమాలే. జ్వరానికని ఒకటి, జలుబుకని షాపువాడు ఇచ్చింది ఒకటి, ఒళ్లునొప్పులకు మరొకటి వేసుకుంటే చాలాసార్లు అన్నింట్లోనూ అదే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేసుకుంటే దాదాపు ఆ హద్దుకు చేరినట్టే. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు ఈ హద్దు ఇంకా తక్కువ.

షుగరు మందులతో ఈ తికమక మరీ ప్రమాదం. ఎమారిల్‌లో ఉండేది గ్లిమెపిరైడ్. గ్లైకోమెట్-జీపీలో మెట్‌ఫార్మిన్‌తో పాటు అదే గ్లిమెపిరైడ్ ఉంటుంది. ఊళ్లో డాక్టరు ఒకటి రాశారు. కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు రెండోది రాశారు. పాతది మానేయమని ఎవరూ చెప్పలేదు, పెద్దాయన రెండూ శ్రద్ధగా వేసుకుంటారు. ఒంట్లో షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు... ఇంట్లోవాళ్లు పక్షవాతమేమోనని హడలిపోతారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లయితే స్పృహ తప్పి, కోలుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకే కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాత చీటీ ఒక్కటే చాలదు, ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకెళ్లాలి. ఆయుర్వేదం, హోమియో, పక్కింటివాళ్లు ఇచ్చినవి కూడా!

పేరుతో పాటు ఎన్నిసార్లన్నదీ తెలియాలి. చీటీ మీద ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఎస్ఓఎస్ అని ఉంటే అవసరమైతేనే వేసుకోవాలి. దీన్ని కూడా మూడు పూటలా మింగి కడుపులో మంట తెచ్చుకునేవాళ్లున్నారు. ఇక మా రాత సంగతి మీకు తెలిసిందే. జెనరిక్ పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ చెప్పింది. అందరూ పాటిస్తున్నారని మాత్రం చెప్పలేను. అర్థం కాకపోతే అక్కడే అడగండి. డాక్టరు విసుక్కున్నా సరే!

అన్నింటికంటే భయపడాల్సింది మెథోట్రెక్సేట్ విషయంలో. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మందుల్లాగే ఇదీ అనుకుని రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది. దీంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌తో కలిపి కంగారుపడేవాళ్లూ ఉంటారు. 'వారానికోసారి' అన్నది చాలదు. ఏ వారమో, 'ఆదివారం' అనో 'బుధవారం' అనో తెలుగులో రాయించుకోండి. ఆ బిళ్లల డబ్బాను విడిగా పెట్టండి.

కొన్ని ఇబ్బందులు జబ్బు వల్ల కాదు, మందు వల్లే వస్తాయి. బీపీకి రామిప్రిల్, ఎనాలప్రిల్ వాడేవాళ్లలో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. దానికి సీసాలకు సీసాలు దగ్గు మందు తాగుతుంటారు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. కిడ్నీలు పాడయ్యాయని బెంగపడతారు. రెండింటికీ వేరే మందులున్నాయి, డాక్టరు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. కొన్ని బీపీ, గుండె మందులను, ఎక్కువకాలం వాడిన స్టిరాయిడ్లను హఠాత్తుగా మానేస్తే అసలు జబ్బు కంటే ఎక్కువ ముప్పు.

ఇక స్ట్రిప్పు సంగతి. విడిగా నాలుగు బిళ్లలు కొంటే, కత్తిరించే ముందే పేరునూ ఎక్స్‌పైరీ తేదీనీ ఫోనుతో ఫొటో తీసుకోండి. ఇంట్లో వాడేటప్పుడు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచండి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలన్న నిబంధన వచ్చింది. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే జెనరిక్ పేరు, తయారీదారు, బ్యాచ్, ఎక్స్‌పైరీ వివరాలు కనిపిస్తాయి. ఇంట్లో పిల్లలకు ఆ పని అప్పగించండి, సరదాగా చేస్తారు.

మందు వేసుకున్నాక దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం లాంటివి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ తర్వాత తీరికగా 1800-180-3024కు ఫోన్ చేసి విషయం చెప్పొచ్చు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2010లో మొదలైన జాతీయ కార్యక్రమానిది ఈ టోల్‌ఫ్రీ నంబరు. పనిదినాల్లో పలుకుతుంది. చేసేటప్పుడు స్ట్రిప్పు దగ్గర పెట్టుకోండి, పేరూ బ్యాచ్ నంబరూ అవసరమవుతాయి.